నున్ననున్నని రోడ్డు

మా నీలంపేట పురపాలక సంఘం కమిషనరు త్రివిక్రమరావు గారు చైనా వెళ్ళింది చెత్త గురించి తెలుసుకురావడానికి. వెళ్ళేముందు మేమందరం ఆయనకు శాలువా కప్పి, దండ వేసి, ఊళ్ళో చెత్తంతా ఇక ఆయన భుజాల మీదే ఉందని ఉపన్యాసాలు ఇచ్చాం. తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒక వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, ఒక పాండా బొమ్మ, చైనా భాషకు చెందిన ఒక సూత్రం పట్టుకొచ్చారు. చెత్త సంగతి మాత్రం తేలేదు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. చెత్త ఫ్యాక్టరీ చూపించే రోజున ఆయనకు కడుపులో బాగోలేక బస్సులోనే ఉండిపోయారట. తోడు కూర్చున్న దుబాసీ అమ్మాయి పొద్దుపోక వాళ్ళ భాష నాలుగు ముక్కలు నేర్పింది. ప్రభుత్వ సొమ్ముతో వెళ్ళినవాడు ఉత్తచేతులతో రాకూడదు కదా. ఆయన ఆ నాలుగు ముక్కలే పట్టుకొచ్చి, మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు.

నేను ఆ ఆఫీసులో ఫిర్యాదుల విభాగం సీనియర్ అసిస్టెంటును. పేరు సోమయాజులు. నా పని ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన అర్జీలకు జవాబులు రాయడం. అర్జీలో చెప్పిన పని చేయించడం నా పని కాదు, ఆ విభాగం వేరే ఉంది, అది ఎక్కడుందో అప్పటికి తెలియదు.

"హోంగ్ అంటే ఎరుపు," అన్నారు కమిషనరు గారు, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు ఒంపుకుని ఊదుకుంటూ. "అదే మాట రెండుసార్లు అంటే, ఎర్రెర్రని అన్నమాట. ఇంతవరకు మన తెలుగూ అంతే. కానీ వాళ్ళు ఒక అడుగు ముందుకేశారు. ఎర్రెర్రని అన్న తరువాత ఇక దానికి ముందు 'చాలా' తగిలించరు. 'కాదు' అని కూడా అనరు. ఎందుకూ? ఆ మాట అప్పటికే నిండుకుండ. అందులో ఇంకేమీ పట్టదు. గమనించారా?"

మేము గమనించాం.

"ఎవరైనా ఒక ఉదాహరణ చెప్పండి."

"ముద్దుముద్దు మాటలు," అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు బుల్లబ్బాయి. అతనికి కొత్తగా పెళ్ళయింది.

"బాగుంది. 'మా ఆవిడవి ముద్దుముద్దు మాటలు కావు' అని నువ్వు ఎప్పుడైనా అన్నావా?"

"అనలేదండి. అంటే ఊరుకోదండి."

"అదీ!" అని కమిషనరు గారు బల్ల గుద్దారు. "జంటగా అన్న మాటను కాదనడానికి మనిషికి నోరు రాదు. అటువంటి మాట ఒకటి చేతిలో ఉండగా మన పరిపాలనా యంత్రాంగం ఇన్నాళ్ళూ ఒంటి మాటలతో కాలం వెళ్ళబుచ్చింది. రోడ్డు బాగుంది అని రాస్తే, బాగులేదు అని అర్జీ వస్తుంది. రేపటినుంచి ఆ అవకాశం ఇవ్వకండి."

ఆ దుబాసీ అమ్మాయి ఇంకా ఏదో చెప్పిందట. మాటను అలా రెండుసార్లు ఎప్పుడంటారో, ఎవరితో అంటారో, ప్రేమ అనీ అదనీ. అది పరిపాలనకు పనికొచ్చే విషయం కాదు కనుక తాను పట్టించుకోలేదని కమిషనరు గారు చెప్పారు.

మర్నాడు నా బల్ల మీదికి వచ్చిన మొదటి అర్జీ సత్యవేణి గారిది.

సత్యవేణి గారి టిఫిన్ కొట్టు గవర్రాజు వీధి చివర ఉంది. కొట్టు వెనకాల కాలవ, కొట్టు ముందు వీధి. మంచినీళ్ళ పైపు వేస్తామని ఒక కాంట్రాక్టరు వేసంగిలో ఆ వీధికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తవ్వించి, పైపు తెస్తానని వెళ్ళాడు. ఈలోగా శ్రావణ మాసం వచ్చింది. గొయ్యి నిండింది. ఎవరిదో గేదె అందులో దిగి, చల్లగా ఉందని కాపురం పెట్టింది. కొట్టుకు రావాలంటే పక్కింటి ప్రహరీగోడ పట్టుకుని, జానెడు గట్టు మీద పీతలా నడిచి రావాలి. ఇడ్లీ కోసం నాలాటి వాళ్ళు వెళ్ళేవాళ్ళు. పిల్లల తల్లులు, పెద్దవాళ్ళు, తెల్లపంచెల వాళ్ళు మానేశారు. ఎవరో పుణ్యాత్ముడు ఒక చెక్క వేస్తే, అనుమతి లేని వంతెన కింద మా వాళ్ళే పట్టుకుపోయారు.

నేను సూత్రప్రకారం జవాబు రాశాను. 'గవర్రాజు వీధి రోడ్డు నున్ననున్నని రోడ్డు అని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. కావున తమ అర్జీ పరిష్కరించబడినట్లుగా భావించవలెను.'

ఆవిడ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. చీర కుచ్చెళ్ళ దాకా బురద.

"సోమయాజులుగారూ, ఇదేం చోద్యమండీ! పొద్దున్న మీరే కదండీ గోడ పట్టుకుని ఊగుతూ వచ్చి రెండు ప్లేట్లు తిన్నారు!"

"అది వ్యక్తిగతంగానండి. ఇది ఆఫీసు."

"అక్కడ రోడ్డు నున్నగా లేదండి బాబూ."

"నున్నగా అని మేము రాస్తే లేదు అనొచ్చండి. నున్ననున్నని అని రాశాక లేదు అనకూడదు. చైనాలో కూడా అనరు."

"చైనావాళ్ళకి గేదె అడ్డం లేదేమోనండి. మా వీధిలో అంటామండి." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని కుర్చీలో కూలబడింది. "చూడండి బాబూ, దసరాలోపు బేరాలు రాకపోతే కొట్టు మూసేయాలి. మూస్తే రాజమండ్రిలో మా మరిదిగారి క్యాంటీనుకి పోవాలి. ఆయన మంచోడేనండి, కాదనను. కానీ అల్లప్పచ్చట్లో పంచదార వేయిస్తాడండి. ఇరవై ఏళ్ళు నా చేత్తో నేను నూరుకున్నదాన్ని, ఆ చేత్తోనే పంచదార పోయమంటే ఎలాగండీ?"

నాకు నిజంగా జాలేసింది. అయినా ఫైలు మూసేశాను. మూయడం నా ఉద్యోగం.

ఆ నెలలో నేను రాసిన జవాబులు ఇప్పటికీ మా ఆఫీసులో చెప్పుకుంటారు. కొళాయిలో రంగు నీళ్ళు వస్తున్నాయన్నవారికి, తమకు సరఫరా అగుచున్నవి తేటతేట నీళ్ళు అని రాశాను. వీధి దీపాలు వెలగడం లేదన్నవారికి, తమ వీధిలోనిది మెత్తమెత్తని వెలుగు అని రాశాను. కుక్క కరిచి, కట్టు కట్టించుకుని మరీ వచ్చిన ఎలక్ట్రికల్ షాపు రాఘవయ్య గారికి, 'తాము పేర్కొన్నవి ముద్దుముద్దు కుక్కలు' అని మాత్రం ఆయన కట్టు వైపు చూడకుండా రాశాను. ఆయన ఆ కాగితం రెండుమూడుసార్లు చదువుకుని, కట్టు చూసుకుని, ఏమీ అనలేక వెళ్ళిపోయారు. కమిషనరు గారి సిద్ధాంతం మీద నాకు అప్పుడే పూర్తిగా నమ్మకం కలిగింది.

అర్జీలు తగ్గాయి. మొదట పలచబడ్డాయి, తరువాత అడపాదడపా వచ్చాయి, తరువాత రానేలేదు. జనానికి రాసే ఓపిక పోయిందని కొందరు అన్నారు. సమస్యలు తీరిపోయాయని మేము అన్నాం.

అయితే మా నీలంపేట జనం తెలివితక్కువవాళ్ళు కాదు. అనుమతి లేకుండా మూడో అంతస్తు లేపిన బంగారు కొట్టు ధనరాజుకు మేము తాఖీదు పంపితే, అతను ఒక్క వాక్యం రాసి పంపాడు. 'మాది పొట్టిపొట్టి ఇల్లండి.'

ఆ కాగితం ఆఫీసంతా తిరిగింది. ఎవరూ కాదనలేకపోయారు. కాదంటే సూత్రం పోతుంది. బుల్లబ్బాయి వెళ్ళి ఆ ఇంటిని మెడ వెనక్కి వంచి చూసి, టోపీ కిందపడితే తీసుకుని వచ్చేశాడు. ఆ వారంలోనే రోడ్డు మీదికి జరిగిన అరుగులన్నీ చిన్నచిన్న అరుగులయ్యాయి. కల్యాణమండపం వాళ్ళ రాత్రి మైకు సన్నసన్నని చప్పుడయింది.

కమిషనరు గారికి కోపం వచ్చింది. ప్రభుత్వపు ఆయుధం ప్రజల చేతిలో పడితే ఏ ప్రభుత్వానికైనా కోపం వస్తుంది. ఆయన ఆ సాయంత్రమే ఉత్తర్వు వేశారు. 'జంట విశేషణములు పరిపాలనా అవసరములకు ప్రత్యేకింపబడినవి. ప్రైవేటు వ్యక్తులు, వర్తకులు, తోపుడుబండ్లవారు, పసిపిల్లల తల్లులు సదరు విశేషణములను లిఖితపూర్వకముగా గాని, నోటితో గాని, ముందస్తు అనుమతి లేనిదే వినియోగించరాదు.'

అమలు బాధ్యత బుల్లబ్బాయికి అప్పగించారు. అతను ఒక చేత్తో సున్నపు బకెట్టు, ఒక చేత్తో బ్రష్షు పట్టుకుని బజారున పడ్డాడు. బట్టల కొట్టు మీద 'కొత్తకొత్త డిజైన్లు' ఉంటే ఒక కొత్త చెరిపేశాడు. 'తియ్యతియ్యని మామిడి తాండ్ర' సగం తీపి అయింది. బెండకాయల బండివాడు 'లేత...' అని అరిచి, రెండోసారి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేవాడు. ఆ గుడ్డను చూసి ఆడవాళ్ళు నవ్వి మరీ కొనేవాళ్ళు. ఒకరోజు బుల్లబ్బాయే టీ కొట్టు దగ్గర అలవాటుగా "వేడివేడి టీ ఒకటి కొట్టవయ్యా" అనేసి, నాలుక్కరుచుకుని, తనకు తానే తాఖీదు రాసుకుని సంతకం పెట్టి అందుకున్నాడు. కొత్త పెళ్ళికొడుకు ఇంట్లో ఏమని పిలుస్తున్నాడో మేమెవరం అడగలేదు.

సత్యవేణి గారి కొట్టు బోర్డుకు వంతు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ బోర్డు మీద 'వేడివేడి ఇడ్లీ' అని ఎర్ర అక్షరాలతో ఉంది. వీధి మొదట నుంచి కనిపిస్తుంది. గొయ్యి వచ్చాక బేరం నిలబెట్టింది కొంచెం ఆ వాసనా, కొంచెం ఆ బోర్డూను. బుల్లబ్బాయి గోడ పట్టుకుని, బకెట్టు పంటితో పట్టుకుని, అవతలికి చేరాడు. నేను సాక్షి సంతకానికి వెంట వెళ్ళాను. వెళ్ళాను కనుక ఒక ప్లేటు తిన్నాను కూడా.

"రెండో వేడి తీసేయాలండి," అన్నాడు బుల్లబ్బాయి.

"ఎందుకండీ? ఆ రెండోదానికి నేనేం డబ్బులు తీసుకోవట్లేదు కదా!"

"మరి ఎందుకు రాసినట్టండి?"

"ఒక వేడి బేరమండి. రెండో వేడి కొసరు," అంది సత్యవేణి గారు. "నాలుగిడ్లీ అడిగినోడికి ఆకలి చూసి అయిదోది వేస్తానా లేదా? ఇదీ అలాంటిదే. వచ్చినోడు మనోడని చెప్పడం. ఆయ్."

బుల్లబ్బాయి ఆలోచించాడు. "కొసరుకు లైసెన్సు ఉందా అండి?"

ఆవిడ లోపలికి వెళ్ళింది. తరువాత నిచ్చెన తెచ్చి ఆవిడే పట్టుకుంది, పడతాడేమోనని. అతను రెండో వేడి మీద సున్నం వేస్తుంటే ఆవిడ పైకి చూడలేదు. బ్రష్షు ఆగాక కళ్ళు తుడుచుకుని, "సున్నం కళ్ళల్లో పడింది బాబూ" అంది. మేమిద్దరం నమ్మినట్టు నటించాం.

నేను ఆ కొసరు విషయం నోట్ ఫైల్లో రాయకుండా ఉండాల్సింది. రాశాను. కమిషనరు గారు చదివి, 'కొసరు అనునది రుసుము లేని వినియోగము, కావున అక్రమము' అని మార్జిన్లో రాశారు. మర్నాటినుంచి నీలంపేటలో కొసరు కూడా నిషేధం.

అప్పుడు ఊరు నిజంగా బెంగపడింది. రోడ్లు లేకపోతే సర్దుకున్నారు, దీపాలు లేకపోతే సర్దుకున్నారు. కానీ కూరగాయలు కొన్నాక సంచిలో పడే కరివేపాకు రెబ్బ పడకపోతే మా ఆడవాళ్ళు ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియక కొట్టు దగ్గరే నిలబడిపోయారు. పూలమ్మి మూర వేసి కత్తిరించి, అలవాటుగా ఇంకో నాలుగు మొగ్గలు వదలబోయి చెయ్యి వెనక్కి తీసుకునేది. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. చారులో కరివేపాకు లేదు, నాకు పలకరింపు లేదు.

సరిగ్గా అప్పుడే మా పురపాలక సంఘానికి అదృష్టం పట్టింది. రాష్ట్రంలో ఒక్క ఫిర్యాదు కూడా లేని పట్టణం మాదొక్కటేనని పైవాళ్ళు కనిపెట్టారు. 'ఫిర్యాదు రహిత పట్టణం' బహుమతి ఇవ్వడానికి ముందు ఒకసారి కళ్ళారా చూసి వెళ్ళమని డైరెక్టరు రంగనాయకులు గారిని పంపారు. బహుమతి వస్తే కమిషనరు గారికి ప్రమోషను ఖాయం. ఆయన ముందురోజే పాండా బొమ్మను తుడిపించి బల్ల మీద పెట్టించారు.

రంగనాయకులు గారు భారీ మనిషి. మోకాళ్ళ నొప్పి, మాట నెమ్మది. తెల్లవారుజామున బయలుదేరి, దారిలో ఎక్కడా ఏమీ తినకుండా వచ్చారు. మా అతిథిగృహంలో ఇచ్చిన ఉప్మా ప్లేటుకు అంటుకుపోయి రాలేదు. ఆయన మా ఫైళ్ళన్నీ తిరగేసి, నా జవాబులు చదివి, ఎక్కడా నవ్వలేదు. ఫైలు చూసి నవ్వని అధికారిని చూస్తే నాకు భయం.

కారు ఎక్కబోతూ ఆయన ఆగారు. గాలి అటునుంచి వీస్తోంది.

"ఆ వాసన ఏమిటి?" అన్నారు.

"ఇడ్లీ అండి. అల్లప్పచ్చడి," అన్నాను. కమిషనరు గారు నా కాలు తొక్కారు. అప్పటికే చెప్పేశాను.

"పచ్చపచ్చని పార్కు చూద్దాం సార్," అన్నారు కమిషనరు గారు. "తనిఖీ కార్యక్రమంలో అదే మొదటిది."

"పార్కు తినలేం కదండీ," అని డైరెక్టరు గారు వాసన వెంట నడిచారు. ఆయన వెనక కమిషనరు గారు, ఆయన వెనక నేను, నా వెనక బుల్లబ్బాయి, అతని వెనక ఊళ్ళో పనిలేని వాళ్ళందరూ.

గవర్రాజు వీధిలో రోడ్డు అయిపోయేచోట డైరెక్టరు గారు ఆగారు. ముందు నీళ్ళు. నీళ్ళలో గేదె తల. అవతలి ఒడ్డున పొయ్యి, ఆవిరి, సత్యవేణి గారు.

"ఇదేమిటండీ?"

"నున్ననున్నని రోడ్డు సార్," అన్నారు కమిషనరు గారు. గొంతు తడబడలేదు.

"మధ్యలో ఉన్నది?"

"నల్లనల్లని గేదె సార్."

డైరెక్టరు గారు గేదెను చూశారు. గేదె డైరెక్టరు గారిని చూసింది. ఆయన చెయ్యి చాస్తే నేను ఫైలు అందించాను. నేను రాసిన జవాబు పెదవులు కదుపుతూ పూర్తిగా చదివారు. కింద కమిషనరు గారి సంతకం కూడా చూశారు.

"సంతకం మీదేనా?"

"నాదే సార్."

"మంచిది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఫైలును అనుమానించలేదు. కళ్ళు మోసం చేస్తాయి, సంతకం చేయదు." ఆయన పక్కింటి అరుగు మీద మెల్లగా కూర్చుని మోకాళ్ళు రాసుకున్నారు. "నాకీ నొప్పులతో అంత దూరం నడవడం కష్టం. మీరు నడిచి వెళ్ళి నాకొక నాలుగు ఇడ్లీ పట్టుకురండి. రోడ్డు బాగానే ఉందిగా."

కమిషనరు గారు నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను. ఆయన మెల్లగా ప్రహరీగోడ వైపు జరిగారు.

"అదేమిటండీ, గోడ పట్టుకుంటారేం?" అన్నారు డైరెక్టరు గారు. "నున్ననున్నని రోడ్డు ఉండగా మధ్యలోంచి నడవండి."

నేను కమిషనర్లను చాలామందిని చూశాను. ఇటువంటి మనిషిని చూడలేదు. ఆయన ఫ్లాస్కు చంకలో సర్దుకుని, చొక్కా సరిచేసుకుని, రోడ్డు మీద మనిషి నడిచినట్టే ముందుకు నడిచారు. మొదటి అడుగు మోకాలి దాకా దిగింది. ఆయన మొహం మారలేదు. రెండో అడుగు నడుము దాకా దిగింది. ఎదురుగా ఎవరో తెలిసినవాళ్ళు వస్తున్నట్టు చిరునవ్వు పెట్టుకున్నారు. మధ్యలో ఒక చెప్పు తేలి పక్కకు పోయింది, దాని వైపు చూడలేదు. గేదె కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆఫీసరంటే అలా ఉండాలి అనిపించి నాకు ఒళ్ళు పులకరించింది. నవ్వు కూడా ఆగలేదు, అందుకని ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అవతలి ఒడ్డు చేరారు గానీ ఎక్కలేకపోయారు. బురద జారుతోంది. ఒకసారి ఎక్కబోయి జారారు, ఇంకోసారి ఎక్కబోయి భుజాల దాకా మునిగారు. ఫ్లాస్కు చంకలోంచి జారి, నీళ్ళ మీద తేలుతూ గేదె దగ్గరికి పోయింది. ఆయన నడుములోతు నీళ్ళలో నిలబడి, పైన కొట్టు మెట్టు మీద నిలబడ్డ సత్యవేణి గారి వైపు తలెత్తారు.

"నాలుగు ఇడ్లీ అమ్మా. డైరెక్టరు గారికి."

"అలాగేనండి." ఆవిడ నాలుగు ఇడ్లీ ఆకులో కట్టి మెట్టు మీద పెట్టింది. "మరి తమరికో?"

ఆయన కళ్ళు కుక్కరు మీదికి పోయాయి. పొద్దుటినుంచి ఆయనా ఏమీ తినలేదు, బహుమతి ధ్యాసలో. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆవిడ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. ఇన్నాళ్ళ కోపం ఎక్కడికి పోయిందో మరి, కుక్కరు మూత తీసి, ఆవిరి కక్కుతున్న ఇడ్లీ ఒకటి చిన్న ఆకులో పెట్టి, అల్లప్పచ్చడి వేసి, కిందికి వంగి పట్టుకుంది.

"ఇది కొసరండి," అంది. "కొసరు మీద తమరే నిషేధం పెట్టారని తెలుసు. తమరు రోడ్డు మీద నిలబడి ఉంటే కేసు రాయండి. గోతిలో నిలబడి ఉంటే తినండి."

ఊరంతా ఆయన చేతి వైపే చూసింది. ఆ చెయ్యి నీళ్ళలోంచి లేచింది, ఆగింది. ఆ తరువాత ఆకు అందుకుంది. ఆయన ఒక ముక్క తుంపి, పచ్చట్లో అద్ది, నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఆ ఇడ్లీ పూర్తయ్యేదాకా డైరెక్టరు గారితో సహా ఎవరూ కదల్లేదు.

"సోమయాజులూ!" అని అప్పుడు అరిచారు. "ఇది రోడ్డు కాదయ్యా! గొయ్యి! చాలా పెద్ద గొయ్యి!"

జనం ఈలలు వేశారు. బుల్లబ్బాయి అందరికంటే ముందు నీళ్ళలో దూకాడు, ఆయన్ని లేపడానికి. అతని వెనక ఇంకో పదిమంది. అందరూ కలిసి కమిషనరు గారిని, నాలుగు ఇడ్లీని, ఆ తరువాత ఫ్లాస్కును ఒడ్డుకు చేర్చారు. గేదె మాత్రం తనకు సంబంధం లేదన్నట్టు ఉండిపోయింది.

డైరెక్టరు గారు ఇడ్లీ తిని చేతులు కడుక్కున్నారు. "ఇప్పుడు మీ పట్టణంలో ఒక ఫిర్యాదు నమోదైనట్టే," అన్నారు నాతో. "ఫిర్యాదుదారు కమిషనరు గారు. రాయండి." రాశాను. ఒక ఫిర్యాదు ఉంటే ఫిర్యాదు రహిత పట్టణం కాదు, బహుమతి లేదు. అయితే కమిషనరు స్థాయి అర్జీ కనుక మా ఆఫీసు చరిత్రలో మొదటిసారి ఒక అర్జీకి అదే రోజు లారీ వచ్చింది. సాయంత్రానికి గొయ్యి పూడింది. పనిచేయించే ఆ విభాగం ఎక్కడుందో కూడా అప్పుడే తెలిసింది. మా గది వెనకాలే ఉందట.

దసరా నాటికి సత్యవేణి గారి కొట్టు ముందు నిలబడడానికి చోటు లేదు. మరిది గారికి ఆవిడ ఒక సీసాడు అల్లప్పచ్చడి పంపించింది, పంచదార లేకుండా. జంట మాటల ఉత్తర్వు, కొసరు నిషేధం ఇంతవరకు రద్దు కాలేదు. మా ఆఫీసులో ఉత్తర్వులు రద్దు కావు, వెతికితే దొరకవు, అంతే. బుల్లబ్బాయి ఒక ఆదివారం ఎర్ర రంగు డబ్బా తీసుకెళ్ళి, ఆ బోర్డు మీద రెండో వేడి తనే రాసి వచ్చాడు. అతని దస్తూరీ గొప్పది కాదు. రెండో వేడి మొదటిదానికంటే పెద్దదిగా, పక్కకు ఒరిగి ఉంటుంది.

కమిషనరు గారికి జలుబు తగ్గడానికి వారం పట్టింది. తగ్గిన మర్నాడు పొద్దున్నే ఆయన గవర్రాజు వీధిలో రోడ్డు మధ్యలోంచే నడిచి వచ్చి, కొట్టు ముందు నా పక్క బల్ల మీద కూర్చున్నారు. చాలాసేపు ఆ బోర్డు వైపు చూశారు.

"ఆ రోజు బస్సులో ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పిందని అన్నాను, గుర్తుందా సోమయాజులూ?"

"పరిపాలనకు పనికిరాదని వదిలేశారండి."

"ఇష్టంగా చెప్పుకునే వాటినే అలా రెండుసార్లు అంటామని చెప్పింది. పిల్లల బుగ్గలు, తినే పండు, అలాంటివి." ఆయన బోర్డు మీది రెండో వేడి వైపు వేలు చూపించారు. "అసలు సూత్రం అదేనేమో. 'కాదు' అనరు అన్న దాని తోక ఒక్కటే నేను పట్టుకొచ్చాను."

అంత పెద్ద అధికారి తప్పు ఒప్పుకునేటప్పుడు సీనియర్ అసిస్టెంటు చట్నీ వైపు చూడాలి. సత్యవేణి గారు ప్లేటు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన చెప్పింది నాలుగు. ప్లేట్లో అయిదు ఉన్నాయి. ఆయన ఒకసారి లెక్కపెట్టుకుని, ఆవిడ వైపు తలెత్తి చూసి, అయిదోదే ముందు తిన్నారు.